అంగవైకల్యముగల స్త్రీల రహదారి సైకిలు పందెములు

సైకిలు పుట్టుపూర్వములను గూర్చి వ్రాసినవారు కలరు. సైకిలువలన స్త్రీలకు కలిగిన స్వేచ్ఛను గూర్చి ప్రసంగించినవారును కలరు. కాని కాలో చేయో కోల్పోయిన స్త్రీ, చూపులేని స్త్రీ, నరముల పట్టు తప్పిన స్త్రీ సైకిలెక్కి రహదారికి వచ్చుట, వచ్చి ఇతరులతో పందెము పోవుట అను విషయము మన తెలుగు వ్యాసములలో అంతగా చోటు చేసికొనలేదు. కృష్ణగిరినుండి వాణియంబాడివైపు పోవు జాతీయ రహదారిపై నున్నది మా బర్గూరు. రాత్రింబగళ్లు లారీలు పోవు ఆ దారి ప్రక్కనే మా పిల్లలు బడికి వచ్చుచు పోవుచుందురు. రహదారి ఎవరిది అను ప్రశ్న మాకు పుస్తకములనుండి పుట్టినది కాదు.

ఈ పందెముల చరిత్రను వార్తాపత్రికలు మనోధైర్యపు కథగా చెప్పుచున్నవి. అది అబద్ధము కాదు. అయినను నేను దీనిని యంత్రచరిత్రగాను, నియమచరిత్రగాను పరిశీలింపదలచితిని. శరీరమునకు తగినట్లు బండిని మార్చుట, ఆ బండికి తగినట్లు పందెపు నియమమును మార్చుట, ఈ రెండును జరిగినచోట స్త్రీలు పోటీకి వచ్చిరి. ధైర్యము అంతకుముందును వారికి కలదు.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. కుంటి, గ్రుడ్డి, అవిటి అను పాతమాటలలో మనిషి కనబడదు, లోపమే కనబడును. వికలాంగులు అను సంస్కృతపదము మర్యాదగా వచ్చి చిరకాలము నిలిచినది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఆకాశవాణి ప్రసంగమున సూచించిన పిదప దివ్యాంగులు అను మాట ప్రభుత్వపత్రములలో వ్యాపించెను. ఆంధ్రదేశపు కార్యాలయములలో విభిన్న ప్రతిభావంతులు అనియు వ్రాయుచున్నారు. తమిళమున మాట్రుత్తిరనాళి అందురు. మా బడిపిల్లలకు తెలుగు మాటకంటె ఈ తమిళపు మాటయే ముందుగా తెలియును. వైకల్యమునకు దివ్యత్వము నంటగట్టుట నాకు రుచింపలేదు గావున అంగవైకల్యముగల స్త్రీ అనియే వ్రాయుచున్నాను. ఇద్దరు కూర్చుండు బండిని జంటసైకిలనియు, చేతులతో త్రిప్పుదానిని చేతిసైకిలనియు, ఒక్కొక్కరిని విడివిడిగా విడిచి గడియారముతో కొలుచు పోటీని కాలపందెమనియు వాడుదును.

చేతిసైకిలు అనగానే క్రొత్త విదేశీవస్తువని తలచువారు కలరు. జర్మనీదేశమున నూరెంబర్గు సమీపమందలి ఆల్ట్‌డార్ఫు పట్టణమున స్టెఫాన్ ఫార్‌ఫ్లర్ అను గడియారములు చేయువాడొకడు ఉండెను. అతనికి కాళ్లు పనిచేయవు. 1655లో, తన ఇరువదిరెండవయేట, పండ్లచక్రములను చేతిపిడులతో త్రిప్పి ముందుకు పోవు మూడుచక్రముల బండిని తనకొరకు తానే చేసికొనెను. నేడు మన ఊళ్లలో కనబడు చేతిత్రిప్పుడు మూడుచక్రముల బండికి మూలపురుషుడు అదియే యనవచ్చును. సైకిలు పుట్టుటకు నూటయేబది యేండ్లకు పైగా ముందే ఇది పుట్టినది! పరికరము కావలసినవాడే పరికరమును చేసెనను సంగతి గమనింపదగినది.

మనదేశమున ఈ బండి చరిత్ర వేరుదారి పట్టినది. కాన్పూరునందు 1972లో కృత్రిమావయవముల ఉత్పత్తి సంస్థ ఏర్పడెను. 1981లో పరికరములు కొనుటకు సహాయము చేయు కేంద్రప్రభుత్వ పథకము వచ్చెను. వీనివలన లక్షలమంది ఇల్లు విడిచి వీధికి రాగలిగిరి. ఆ మేలును తక్కువచేసి చెప్పరాదు. అయినను మన దేశమున మూడుచక్రముల బండి దానవస్తువుగానే నిలిచిపోయెను. పందిరి వేసి, దండలు వేసి, వరుసగా నిలిపిన బండ్లను పంచుదురు. అన్నియు ఒకే కొలత, ఒకే బరువు. ఎక్కువాని చేయి ఎంత పొడవో, కూర్చున్న ఎత్తెంతయో అడుగువారు అరుదు. ఐరోపాలో ఆ బండియే నేలకు దించబడి, తేలికయై, గేర్లు తొడిగికొని పందెపుబండి యయ్యెను. రెండింటికిని సూత్రమొక్కటియే.

ఇక స్త్రీల విషయము. 1896 ఏథెన్సు ఒలింపిక్కులలోనే పురుషులకు రహదారి పందెము కలదు. స్త్రీలకు ఒలింపిక్ రహదారి పందెము 1984లో, లాస్ ఏంజెలెసునందు మొదటిసారి జరిగెను. ఎనుబది యెనిమిదేండ్లు! సర్వావయవములు గల స్త్రీకే ఇంత ఆలస్యమైనపుడు అంగవైకల్యముగల స్త్రీని గూర్చి ఎవరు తలచెదరు అని అనిపించును. చిత్రమేమనగా పారాలింపిక్ క్రీడలలో సైకిలు ప్రవేశించినదియు ఆ 1984లోనే.

మన తమిళనాట స్త్రీలకు సైకిలు వచ్చిన తీరు తెలిసికొనదగినది. 1990వ దశాబ్ది ఆరంభమున పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతోద్యమముతోపాటు స్త్రీలకు సైకిలు నేర్పుటయు సాగెను. నాటి కలెక్టరు షీలారాణి చుంకత్ దానికి అండగా నిలిచెను. క్వారీకూలీలు, పల్లెనర్సులు, అంగన్వాడి పనివారు వేలకొలదిగా నేర్చికొనిరి. ఆడసైకిళ్లు దొరకక పలువురు మగసైకిళ్లే ఎక్కిరట. 1991లో బర్గూరు శాసనసభా స్థానమునుండి గెలిచి ముఖ్యమంత్రిణి యైన జయలలిత, మరల అధికారమునకు వచ్చిన 2001వ సంవత్సరమున షెడ్యూల్డు కులముల, తెగల బడిబాలికలకు ఉచితముగా సైకిళ్లిచ్చు పథకము మొదలయ్యెను. పిదప అది బాలబాలికలందరికిని విస్తరించెను. ఆ సైకిలుమీద పై తరగతులకు పోయిన ఆడపిల్లలు మా ప్రాంతమున ఇంటికొకరు కలరు. అయితే అదియు ఒకే అచ్చున వచ్చు బండియే. ఒక కాలు సన్నగిలిన పిల్లకు ఆ బండి ఇంటిచూరు క్రింద నిలిచియుండును, లేదా తమ్ముడెక్కును.

పారాలింపిక్ సైకిలు పోటీలకు మూలము చూపులేనివారి జంటసైకిలు. ముందు చూపుగలవారు దారి నడుపుదురు, వెనుక చూపులేనివారు త్రొక్కుదురు. వేగమున సగము వెనుకవారిదే. 1996లో అట్లాంటాయందు ట్రాకు పోటీలు చేరెను. 2004లో ఏథెన్సునందు చేతిసైకిలు చేరెను. 2007లో ఈ క్రీడ పాలన అంతర్జాతీయ పారాలింపిక్ సంఘమునుండి అంతర్జాతీయ సైకిలు సమాఖ్యకు మారెను. ఇది చిన్నమార్పు కాదు. అంతవరకు వైద్యశాల వాసన వదలని క్రీడ, ఆనాటినుండి ఇతర సైకిలు పందెములను నడుపు ఇంటికే వచ్చి చేరెను. 2008లో బీజింగునందు స్త్రీల చేతిసైకిలు పందెములలో బ్రిటనుకు చెందిన రేచెల్ మారిస్ కాలపందెమును, జర్మనీకి చెందిన ఆండ్రియా ఎస్కావ్ రహదారి పందెమును గెలిచిరి.

వర్గీకరణమును కొంత వివరింపవలెను. దాని గుట్టు తెలియనిదే పందెము అర్థము కాదు. మామూలు రెండుచక్రముల సైకిలు త్రొక్కగలవారికి సి అను అక్షరముతో ఒకటినుండి అయిదువరకు తరగతులు. అంకె తగ్గినకొలది వైకల్యము ఎక్కువ. తూకము నిలువనివారికి మూడుచక్రముల సైకిలు, రెండు తరగతులు. చేతిసైకిలు అయిదు తరగతులు. మొదటి నాలుగింట వెల్లకిల వాలి త్రిప్పుదురు, అయిదవదాన మోకరిల్లి నడుము బలమును గూడ వినియోగింతురు. స్త్రీలలో పోటీదారుల సంఖ్య తక్కువ గావున పలు తరగతులను ఒక్కటిగా కలుపుచుందురు. అట్లు కలిపిన కాలపందెమున వైకల్యము ఎక్కువైనవారి కాలమును ఒక గుణకముతో తగ్గించి లెక్కింతురు. రహదారి పందెమున మాత్రము ఆ సవరింపు లేదు. అందరును కలిసి బయలుదేరుదురు, ముందు గీత దాటినదే గెలుపు. కాబట్టి రెండవ తరగతి స్త్రీ మూడవ తరగతి స్త్రీతో సరాసరి తలపడవలసియుండును. ఇది న్యాయమా అని అడుగవచ్చును. నా మటుకు, వర్గములు కలుపుట పొదుపునకు పుట్టిన పద్ధతియే గాని న్యాయమునకు పుట్టినది కాదని తోచుచున్నది. స్త్రీలు తక్కువగా వచ్చుచున్నారని తరగతులు కలుపుదురు. తరగతులు కలిపినందున మరికొందరు రారు.

ఈ రంగమున పేరెన్నికగన్న ముగ్గురిని మాత్రము చెప్పెదను. బ్రిటనుకు చెందిన సారా స్టోరీకి పుట్టుకతోనే ఎడమచేయి పనిచేయదు. 1992లో పదునాలుగేండ్ల బాలికగా బార్సిలోనాలో ఈతగత్తెగా ప్రవేశించి, 2008నుండి పారాలింపిక్ సైకిలు పందెములలో పాల్గొని, 2024 ప్యారిసు క్రీడలతో పందొమ్మిదవ పారాలింపిక్ స్వర్ణము నందెను. అక్కడి తుది పందెమున ఇరువదేండ్లు నిండని ఫ్రాన్సు యువతి హైదీ గోగాంను గీతయొద్ద కొద్దిపాటిలో దాటెను. గెలిచియు ఆమె ఊరకుండక, స్త్రీల కిచ్చిన మార్గము మరీ చిన్నదని బహిరంగముగా ఆక్షేపించెను. పతకము మెడలో నుండగా నియమమును తప్పుపట్టుట నాకు ఆ పతకముకంటె ఘనముగా తోచినది. ఉక్రెయినులో పుట్టి అనాథశాలలలో పెరిగి, అమెరికా తల్లి పెంపకమునకు పోయిన ఒక్సానా మాస్టర్సు రెండుకాళ్లును తీసివేయబడినది. చేతిసైకిలు అయిదవ తరగతిలో టోక్యోయందు రెండు, ప్యారిసునందు రెండు స్వర్ణము లందెను. జపానుకు చెందిన కెయికో సుగియురా మందుల దుకాణపు ఫార్మసిస్టు వృత్తిలోనిది. 2016లో సైకిలు పందెముననే పడి తలకు దెబ్బతగిలి, అటుపై ఈ పోటీలకు వచ్చినది. టోక్యోలో ఏబదియేండ్ల వయస్సున రెండు స్వర్ణములు, ప్యారిసులో ఏబదిమూడేండ్ల వయస్సున సి ఒకటి–మూడు తరగతుల రహదారి పందెమున స్వర్ణము.

ఆ ప్యారిసు పందెముననే మన దేశపు స్త్రీ యొకతె ఉండెను. ఆ ప్రసంగమునకు ముందు హైదరాబాదును స్మరింపవలెను. రోడ్డు ప్రమాదమున కాలు కోల్పోయిన ఆదిత్య మెహతా కృత్రిమపాదముతో సైకిలు త్రొక్కి 2013లో ఆసియా పారా సైకిలు పోటీలలో రెండు రజతము లందెను. ఆయన పేరిట హైదరాబాదున నెలకొన్న సంస్థ గాయపడిన సరిహద్దు భద్రతాదళ జవానులకును, అంగవైకల్యముగల యువతీయువకులకును శిక్షణ నిచ్చుచున్నది. మధ్యప్రదేశమునకు చెందిన తాన్యా డాగా 2018లో కాలు కోల్పోయి, 2020 నవంబరు, డిసెంబరు నెలలలో ఆ సంస్థవారి యాత్రలో కాశ్మీరమునుండి కన్యాకుమారివరకు దాదాపు 3,800 కిలోమీటర్లు 42 దినములలో ఒంటికాలితో త్రొక్కెను. నడుమ తండ్రి మరణించెను. కర్మలు ముగించుకొని మరల వచ్చి యాత్రలో కలిసెను. అది పందెము కాదు. అయినను ఇట్టి యాత్రలే మన దేశమున పందెమునకు ముంగిళ్లు. కాశ్మీరము, కన్యాకుమారి కలుపు 44వ జాతీయ రహదారి హోసూరు, కృష్ణగిరులమీదుగా పోవునని మావారికి చెప్పనక్కరలేదు.

మహారాష్ట్రమున భండారా జిల్లాకు చెందిన జ్యోతి గడేరియా 2016లో రోడ్డు ప్రమాదమున కాలు పోగొట్టుకొని, హైదరాబాదున శిక్షణ పొందెను. 2024 ప్యారిసు పారాలింపిక్ క్రీడలకు భారతదేశము 84 మంది క్రీడాకారులను 12 క్రీడలలో పంపెను. సైకిలునందు మన దేశము పాల్గొనుట అదే మొదలు. వెళ్లినవారిద్దరే: ఆంధ్రదేశీయుడగు షేక్ అర్షద్, జ్యోతి. ఆ దళమున ఏకైక సైకిలు వనితగా ఆమె ట్రాకుపైనను, ప్యారిసు శివారులోని క్లిషీ-సూ-బ్వా రహదారులపైనను పోటీచేసెను. సెప్టెంబరు 7వ తేదీన సుగియురా స్వర్ణము గెలిచిన ఆ పందెమున ఆమెయు ఉండెను. పతకము రాలేదు. రాదనియు అందరికి తెలియును. దశాబ్దములుగా పోటీ నడపిన దేశముల స్త్రీల నడుమ, తన దేశమున తనకు ముందెవరును లేని యువతి నిలిచినది. పత్రికలు పతకముల పట్టికయొద్దనే ఆగినందున ఆమె పేరు మా ప్రాంతమున తెలిసినవారు లేరు. నేను మా పిల్లల నడిగితిని. పొరుగున సేలము జిల్లానుండి వచ్చి 2016లో రియోయందు ఎత్తుదూకుటలో స్వర్ణ మందిన మారియప్పన్ తంగవేలును ఎరుగుదురు, ఆమెను ఎరుగరు.

2016 నాటి వైకల్యముగలవారి హక్కుల చట్టమున 30వ సెక్షను క్రీడలకు సంబంధించినది. క్రీడాసంస్థలు తమ వసతులను మార్చవలెననియు, శక్తిని పెంపొందించు సాంకేతిక విజ్ఞానమును అభివృద్ధి చేయవలెననియు అందు కలదు. ఆ రెండవ మాట నాకు ముఖ్యముగా తోచును. పందెపు చేతిసైకిలు మన దేశమున దిగుమతి వస్తువు. దాని ఖరీదు మా ప్రాంతపు కూలికుటుంబము ఊహకందనిది. అయితే అందున్నదేమి? గొట్టములు, గొలుసు, గేర్లు, బేరింగులు, మూడు చక్రములు. 1980లో టి.వి.యస్. మోపెడు తయారీ మొదలైన హోసూరునందు వీనిలో ఏదియు అపరిచితము కాదు. హోసూరు, కృష్ణగిరి వీధులలో స్కూటరుకు ఇరుప్రక్కల చిన్నచక్రములు బిగించి నడుపు అంగవైకల్యముగలవారిని నిత్యము చూచుచున్నాము. ప్రభుత్వమును అట్టి బండ్ల నిచ్చుచున్నది. ఆ ప్రక్కచక్రములు బిగించు మెకానిక్కు శరీరమునకు బండిని ఒదిగించు విద్య ఎరిగినవాడే. ఇంజనుబండికి చేయుపనిని అతడు త్రొక్కుడుబండికిని చేయగలడు. అతనికి కావలసినవి కూర్చుండు పిల్ల భుజముల వెడల్పు, చేయి చాచిన దూరము, మిగిలిన కాలి పొడవు. వానిని తీసికొనుటకు దర్జీవాని టేపు చాలును, బట్టల అంగళ్లకు పేరుపడిన మా బర్గూరులో టేపులకు కొదవలేదు.