మల్లి గరిక ముట్టలేదు

తెల్లవారుజాము నాలుగున్నర. రాజాంలో మీ వీధి చివర భోగి మంట అప్పుడే అందుకుంది. పాత తలుపు చెక్కలు చిటపటమంటున్నాయి, పొగ సందులోకి దిగుతోంది. పెద్ద పండగ, ఇంటినిండా చుట్టాలు. నువ్వు మాత్రం గుప్పెడు గరిక పట్టుకుని వెనక వసారాలోకి నడుస్తున్నావు. రోజూ ఈ వేళకి నీ అడుగు చప్పుడు వింటే చాలు, నీ కుందేలు మల్లి గూడు తలుపుకి ముందుకాళ్ళు ఆనించి నిలబడుతుంది.

ఇవాళ నిలబడలేదు.

ఫోను లైటు వేస్తావు. మూలకి నక్కి, గోడవైపు తిరిగి, ముద్దలా కూర్చుంది. కళ్ళు సగం మూసుకుంది. గరిక ముక్కు దగ్గర పెడతావు. వాసన కూడా చూడదు. మొహం పక్కకి తిప్పుకుంటుంది.

రాత్రంతా పిల్లల గోల కదా, నిద్ర చాలలేదేమో అనిపిస్తుంది. వెనక్కి వెళ్ళిపోకు. మొహం చూస్తే కుందేలు సంగతి అంత తేలిగ్గా తెలియదు. అడవిలో నక్కా గద్దా ముందు పట్టుకునేది నీరసించినదాన్నే. అందుకని అది నొప్పిని దాచుకుంటుంది. కుక్కలా మూలగదు, పిల్లిలా అరవదు. సంగతి చెప్పేది కింద ఉన్న ట్రే.

లాగి చూడు. మామూలు రోజయితే ఈపాటికి నిండుగా ఉండాలి. శనగగింజలంత, గుండ్రంగా, పొడిగా ఉండే పెంటికలు; చిదిమితే లోపల గడ్డిపొడి. రోజుకి రెండొందలకి పైనే వేస్తుంది. ఇప్పుడు లెక్కపెట్టు. ఆరు. అవీ మిరియాలంత. రెండు మాత్రం వెంట్రుకతో దండ గుచ్చినట్టు అతుక్కున్నాయి. నిన్న సాయంత్రం వేసిన గడ్డి వేసినట్టే ఉంది.

ఆఖరుసారి ఎప్పుడు తింది? గుర్తు తెచ్చుకో. నిన్న మధ్యాహ్నం మూడింటికి. పిల్లలు చుట్టూ చేరి అరిసె ముక్కలు పెట్టారు, తర్వాత బిస్కెట్లు. తింటుంటే అందరూ ఫోటోలు తీశారు. నువ్వూ తీశావు.

అంటే పదమూడు గంటలు.

మనిషి ఒకపూట పస్తుంటే కడుపు తేలికపడుతుందంటాం. కుందేలుకి ఆ లెక్క కుదరదు. దాని కడుపు ఆగకుండా తిరగాల్సిన తిరగలి. వెనక నుంచి గడ్డి పీచు వచ్చి తోస్తుంటేనే ముందున్నది కదులుతుంది. పీచు తగ్గి, బెల్లం, పిండి ఎక్కువైతే పెద్ద సంచిలాంటి పేగులో ఉండే సూక్ష్మజీవుల కూర్పు చెదురుతుంది. గాలి పుడుతుంది. గాలికి నొప్పి, నొప్పికి తిండి మానెయ్యడం, తిండి మానేసినందుకు పేగు ఇంకా నెమ్మదించడం. కక్కెయ్యడం కుందేలుకి చేతకాదు. లోపలిది ఎండి గట్టిపడుతుంది. ఆకలికి ఒంట్లో కొవ్వు కరిగి కాలేయానికి పట్టుకుంటుంది. అరిసె ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఇంటికొచ్చిన కొత్త మనుషులు, మైకు మోత, చలి, లోపల గుచ్చుకునే పన్ను, ఏదైనా ఈ చక్రాన్ని మొదలుపెట్టగలదు. పన్నెండు గంటలు తినకపోతే ఇక ఎదురుచూడకూడదు. నీకు ఆ గడువు దాటిపోయింది.

చెవి దాని మొహం దగ్గరికి పెట్టు. కర్ర్... కర్ర్... పళ్ళు నూరుతోంది. నువ్వు నిమిరినప్పుడు సంతోషంగా చేసే సన్నటి చప్పుడు కాదిది. ఇది గట్టిగా, ఆగి ఆగి వస్తుంది. నొప్పి.

చెవులు పట్టుకో. చల్లగా ఉన్నాయి. మల్లి చెవులు ఎప్పుడూ ఇలా ఉండవు. ఆరోగ్యంగా ఉన్న కుందేలు ఒళ్ళు 101 నుంచి 103 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 100 కన్నా కిందికి దిగితే ప్రాణం మీదికి వచ్చినట్టే.

ఇప్పుడు పొట్ట. రెండు వేళ్ళతో, చాలా మెల్లగా. చపాతీ పిండి ముద్దలా ఒత్తితే లొంగుతోందా? డప్పులా బిగిసిందా?

లొంగుతోంది. ఊపిరి పీల్చుకో. డప్పులా ఉంటే లోపల ఏదో అడ్డం పడి, పొట్ట గాలితో ఉబ్బుతోందని అనుమానించాలి. అప్పుడు నోట్లో ఏమీ పొయ్యకూడదు, పొట్ట మర్దన చెయ్యకూడదు. కొన్ని గంటల్లో చచ్చిపోవచ్చు.

గుమ్మంలో మామ్మ నిలబడింది. "దానికేటైనాది? రాత్రి కూడా ఏటీ ముట్నేదు."

"కడుపు ఆగిపోయింది మామ్మా."

"పట్టేసుంటాది. రొండు చుక్కలు ఆముదం పట్టించెయ్."

ప్రేమతోనే అంటోంది. వద్దు. బలవంతంగా పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి జారచ్చు. ఈలోగా పక్కింటి మావయ్య చేతిలో చిన్న సీసాతో వస్తాడు. "మా గుంటడికి డాక్టరిచ్చిన మందే. మిగిలింది. పన్జేత్తాది."

సీసా తిప్పి చదువు. అమాక్సిసిలిన్. పిల్లాడికి మేలు చేసినదే కుందేలు నోట్లో పడితే పేగులో మంచి సూక్ష్మజీవుల్ని తుడిచిపెట్టి, విషం పుట్టించే రకాన్ని పెరగనిస్తుంది. దండం పెట్టి వెనక్కి ఇచ్చెయ్.

ముందు వెచ్చదనం. చల్లబడిన కుందేలుకి తిండి పట్టకూడదు. తలంటుకి కాచిన నీళ్ళు కాగులో ఉన్నాయి కదా, ప్లాస్టిక్ సీసాలో పోసి, పాత నూలు చీరలో చుట్టి, ఒంటికి ఒక పక్కన పెట్టు. వేడెక్కువైతే అది జరగడానికి చోటు ఉంచు. తలుపు వెయ్యి, పొగ రానివ్వకు. పిల్లల్ని మంట దగ్గరికి పంపు.

ఇప్పుడు ఫోను.

పండగ పూట ఎవరెత్తుతారు? పశువుల అంబులెన్సు 1962కి కొడతావు. తెలిసిన నంబర్లన్నిటికీ కొడతావు. ఒకాయన "ఆవులూ గేదెలూ అయితే చూస్తానమ్మా" అంటాడు. ఆ మాట నిజాయితీ గలది, కోపం తెచ్చుకోకు. కుందేళ్ళు చూసిన అనుభవం ఉందా అని అడిగి తెలుసుకోవాల్సిందే. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, కాబట్టి ఆ చుట్టుపక్కల అడుగుతావు. నాలుగో ఫోనుకి ఒక డాక్టరమ్మ ఎత్తుతుంది.

"పొట్ట గట్టిగా ఉందా?"

"లేదండి, మెత్తగానే ఉంది."

"చెవులు?"

"చల్లగా ఉన్నాయండి. ఇప్పుడే సీసా పెట్టాను."

"తీసుకొచ్చెయ్యండి. రేపటిదాకా ఆగద్దు."

అట్టపెట్టెలో తువ్వాలు. పక్కన సీసా. ఆరు పెంటికలు ఒక కాగితంలో. అవీ చూపించాలి. రాజాం నుంచి చీపురుపల్లి మీదుగా గరివిడికి పాతిక ముప్పై కిలోమీటర్లు. ఊరూరా మంటలు. పెట్టె నీ ఒళ్ళో ఉంది. మూత సందులోంచి వేలు పెట్టి చూస్తావు. ముక్కు కదులుతోంది. మళ్ళీ చూస్తావు. కదులుతోంది. స్పీడ్ బ్రేకర్. పెట్టె ఎత్తిపట్టుకో. మళ్ళీ వేలు పెట్టు.

కదల్లేదు.

కదిలింది.

డాక్టరమ్మ ముందు పొట్ట తడుముతుంది, స్టెతస్కోపు పెట్టి వింటుంది. బాగున్నప్పుడు గుడగుడలు వినిపించే చోట నిశ్శబ్దం. నోరు తెరిచి వెనక పళ్ళకి లైటు కొడుతుంది. కుందేలు పళ్ళు బతికున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. మెత్తటి తిండితో సాకితే అంచులు మొలిచి నాలుకని కోస్తాయి. మల్లికి అది లేదు. ముందు నొప్పి తగ్గే సూది. తర్వాత వెచ్చచేసిన సెలైను మెడ వెనక చర్మం కింద ఎక్కిస్తే చిన్న మూపురంలా పైకి లేస్తుంది. లోపల ఎండినది నానడానికి అదే ఆధారం. అడ్డమేమీ లేదని తేల్చుకున్నాకే పేగు కదిలే మందు.

"వెంట్రుకలు చుట్టుకుపోయాయాండీ కడుపులో?" అని అడుగుతావు.

"వెంట్రుకలు ప్రతి కుందేలు కడుపులోనూ ఉంటాయి. కడుపు నడుస్తుంటే పోతాయి, ఆగితే ఉండలు కడతాయి."

మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటావు. చెవులు వెచ్చబడ్డాయి. గడ్డితో చేసిన పెల్లెట్లు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, జావలా చేసి, సూది తీసేసిన సిరంజిలో ఎక్కిస్తావు. తల పైకెత్తకు. ముందు పళ్ళ పక్క సందులోంచి కొంచెం. నమలనీ. మింగనీ. మళ్ళీ కొంచెం. సగం నీ చీర మీదే. రెండు మూడు గంటలకోసారి, రాత్రంతా. బయట పిల్లల నెత్తిన భోగిపళ్ళు పోస్తున్నారు, నిన్ను పిలుస్తున్నారు. వెళ్ళవు.

సంక్రాంతి రోజు మల్లి నాలుగు అడుగులు వేస్తుంది. నీళ్ళు తాగుతుంది. ట్రే ఖాళీ.

కుందేలు తిండి అనగానే నాకు క్యారెట్ బొమ్మల మీద కోపం వస్తుంది. ప్రతి బొమ్మలోనూ కుందేలు చేతిలో క్యారెటే. క్యారెట్ తీపి, అది చిరుతిండి. కుందేలు అన్నం గడ్డి. మన పొలం గట్ల మీద ఊరికే పెరిగే గరిక, మందు కొట్టని చోటు చూసి కోసుకొస్తే, దానికి కావలసిన పీచు చాలావరకు అదే ఇస్తుంది. ఎండుగడ్డి కూడా ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

కనుమ. వీధిలో ఎడ్లకి పసుపు రాస్తున్నారు, కొమ్ములకి రంగు వేస్తున్నారు. నువ్వు వసారాలో నేల మీద కూర్చుని ట్రే లాగుతావు.

మూలన ఏవో ఉన్నాయి. చిన్నవి, వంకరవి, నల్లగా తడిగా మెరుస్తున్నవి. ఒకటి. రెండు. ఐదు. తొమ్మిది.

"మామ్మా!"

"ఏటి?"

"వేసింది!"

మామ్మ పసుపు చేతులతోనే పరిగెత్తుకొస్తుంది. ఇద్దరూ వంగి చూస్తారు. వెనక గూట్లోంచి సన్నటి చప్పుడు. మల్లి గరిక పోచ ఒకటి మొదలు నుంచి లోపలికి లాక్కుంటోంది.