రాష్ట్రేతర తెలుగు క్రైస్తవ కుటుంబాలు: పిల్లలకు విశ్వాసం అందే దారులు

మన తెలుగు సంఘంలో అన్ని మతాలవారూ సభ్యులే. క్రైస్తవ కుటుంబాల పెద్దలు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "పిల్లలు తెలుగు ఆరాధనకు రావడం లేదు, ఏం చేయాలి?" వారి కోసం మాకు తెలిసిన సంగతులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

సండే స్కూలు

1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ అనే పత్రికా సంపాదకుడు, వారమంతా పనికిపోయే పేద పిల్లలకు ఆదివారం చదువు చెప్పించారు. సండే స్కూలు ఉద్యమానికి పేరు తెచ్చింది ఆ ప్రయత్నమే. అక్కడ పిల్లలు అక్షరాలు నేర్చుకుని బైబిలు చదివారు. చదువు, వాక్యం కలిసే మొదలయ్యాయన్నది మనం గుర్తుంచుకోవాలి. కతోలికుల్లో ఇదే పని సత్యోపదేశం తరగతులు చేస్తాయి. వేసవిలో వీబీఎస్ ఉంటుంది.

యవనస్థుల కూటం

1844లో లండన్‌లో జార్జ్ విలియమ్స్, ఆయన స్నేహితులు వైఎంసీఏ స్థాపించారు. మద్రాసు వైఎంసీఏ 1890లో మొదలైంది. 1881లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరుగారు క్రిస్టియన్ ఎండీవర్ ప్రారంభించారు. అందులో పిల్లలు ఊరికే వినేవారు కాదు. ప్రార్థన చేసేదీ, సాక్ష్యం చెప్పేదీ, కమిటీలు నడిపేదీ వారే. మన దగ్గర చాలాచోట్ల యవనస్థులకు కుర్చీలు సర్దే పని, క్రిస్మస్ నాటకం తప్ప మరేదీ అప్పగించడం లేదు. ఇరవై ఏళ్లు దాటాక వారు కనబడకపోతే ఆశ్చర్యం దేనికి?

తెగిపోతున్నది ఎక్కడ?

తమిళనాడులో 2006 చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. మన పిల్లలకు బడిలో తెలుగు చదివే వీలు తగ్గింది. మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. యానాంలో ఊరంతా తెలుగే కాబట్టి అక్కడి సంగతి వేరు.

మా సభ్యుల ఇంట్లో ఒక పెద్దాయన ప్రభువునందు నిద్రించారు. ఆయన బైబిలు మొదటి పేజీల్లో మూడు తరాల పుట్టిన తేదీలు, బాప్తిస్మం తేదీలు, ఏ కష్టంలో ఏ వాక్యం ఆదరించిందో అన్నీ రాసి ఉన్నాయి. మనవడు ఆ పుస్తకం పట్టుకొచ్చి, "ఇందులో నా పేరు ఎక్కడుందో చూపించండి" అని మమ్మల్ని అడిగాడు. తాతగారి విశ్వాసం వాడి చేతిలోనే ఉంది, చదవలేకపోయాడు.

ఏ రాష్ట్రంలో ఏం చేయవచ్చు?

కర్ణాటక: కన్నడ, తెలుగు లిపులు అక్కచెల్లెళ్లు. కన్నడం చదివే పిల్లలకు మన అక్షరాలు త్వరగా పట్టుబడతాయి. నేరుగా తెలుగే నేర్పండి.

తమిళనాడు: కీర్తనలు తమిళ లిపిలో రాసిస్తే క, గ లకు ఒకే అక్షరం. "గాలి", "కాలి" ఒకటైపోతాయి. పెద్దవారు పక్కన కూర్చుని పాడి వినిపించాలి.

ఒడిశా, మహారాష్ట్ర: ఒడియా, మరాఠీ లిపుల్లో ఎ, ఏ తేడా మామూలుగా చూపరు. "వెల", "వేల" కలిసిపోతాయి. దీర్ఘం ఉన్నచోట గుర్తు పెట్టి ఇవ్వండి. ఒడిశా పిల్లలకు ఇంకొకటి చెప్పండి. మన పాటల పుస్తకంలో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) పర్లాకిమిడి ప్రాంతంవారే.

ఆరాధన ఏ భాషలో?

దీని మీద చర్చిల్లో తగాదాలు వస్తున్నాయి. మా అభిప్రాయం సూటిగా చెబుతాం. తెలుగు రాలేదని బిడ్డను విశ్వాసానికి దూరం చేయకూడదు. తమిళంలో ప్రార్థించినా, ఇంగ్లీషులో ప్రార్థించినా ప్రభువు వింటాడు. యవనస్థుల కూటం వారికి వచ్చిన భాషలో జరగనివ్వండి. అయితే అవ్వ, తాతల సాక్ష్యం తెలుగులో ఉంది. అది ఇంట్లోనే అందాలి.

పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో అవ్వ లోయి పేరు, తల్లి యునీకే పేరు ఉన్నాయి. తిమోతి విశ్వాసానికి మొదలు ఆ ఇంట్లోనే. అందుకే రాత్రి కుటుంబ ప్రార్థన పది నిమిషాలైనా మానకండి. ఒక కీర్తన పాడండి, నాలుగు వచనాలు బిడ్డ చేత చదివించండి. తప్పు చదివితే నవ్వకండి. నెలకొకసారి అవ్వగారినో తాతగారినో తమ జీవితంలో జరిగింది ఒకటి చెప్పమనండి, బిడ్డ చేత రాయించండి.

మీ ఇంటి బైబిలులో పేర్లు, తేదీలు రాసి ఉంటే ఈ ఆదివారమే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. ఆ తర్వాత వారి పేరు వారి చేతే తెలుగులో రాయించండి.