ఒక బండి వెనుక రెండు ట్రైలర్లు

మూడేళ్ళ క్రితం ఇక్కడ మిషిగన్‌లో మన పిక్నిక్ సామానంతా ఒక అరువు ట్రైలరులో వేసుకుని ఐ-75 మీద ఉత్తరానికి బయలుదేరాను. దించడం సులువవుతుందని బియ్యం బస్తాలు, గుండిగలు, ఐసు పెట్టెలు అన్నీ తలుపు దగ్గర, అంటే తోక వైపే సర్దాం. వేగం 65 మైళ్ళు దాటగానే ట్రైలరు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. వెనుక సీట్లో మా పాప నిద్రపోతోంది. బ్రేకు తొక్కబోయి, భయం వేసి, గ్యాసు మీది కాలు మాత్రం తీసేశాను. మెల్లగా ఊపు తగ్గింది. ఆ భయమే మమ్మల్ని కాపాడిందని తర్వాత చదివితే తెలిసింది.

ఎమ్మెస్ చదివిన నాకు తెలియని ఆ సంగతి మా ఊళ్ళో ఎడ్లబండి తోలే రైతుకి ఎప్పుడో తెలుసు. బరువు వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది, మరీ ముందుకి పడితే ఎద్దుల మెడ నలుగుతుంది. మామూలు ట్రైలరుకైతే మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. అందుకే సామానులో సుమారు 60 శాతం ఇరుసుకు ముందు ఉంచమంటారు.

ఈ మధ్య ఒక మిత్రుడు పికప్ వెనుక క్యాంపరు, దాని వెనుక పడవ తగిలించుకుని వెళ్దామనుకున్నారు. "ఒక్క ట్రిప్పులో అయిపోతుంది కదండీ, బండి లాగేస్తుంది" అన్నారు. లాగడం సరే, ఆపగలదా, తిన్నగా నడుస్తుందా అన్నదే అసలు ప్రశ్న. ఆయనకు చెప్పినవే మీకూ చెబుతున్నాను.

చట్టం: ఇది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం. కాలిఫోర్నియాలో మామూలు ప్యాసింజర్ వాహనం ఒకటి కంటే ఎక్కువ లాగకూడదు. మిషిగన్‌లో లాగవచ్చు గానీ మొదటి ట్రైలరు ఫిఫ్త్ వీల్ రకం, అంటే పికప్ తొట్టిలో వెనుక ఇరుసు పైన తగిలేది అయి ఉండాలి. లైసెన్సు మీద 'ఆర్' ఎండార్స్‌మెంట్ కావాలి, దానికి రాత పరీక్ష ఉంటుంది. దారిలో వచ్చే ప్రతి రాష్ట్రం నిబంధనలూ చూసుకోండి. ఇన్సూరెన్సు వాళ్ళని కూడా ముందే అడగండి.

బరువు: పికప్, మనుషులు, సామాను, రెండు ట్రైలర్లు అన్నీ కలిపిన బరువు తయారీదారు ఇచ్చిన పరిమితి లోపే ఉండాలి. ఉదాహరణకి పరిమితి 15,000 పౌండ్లు, నిండిన పికప్ 6,500 అయితే, రెండు ట్రైలర్లకూ కలిపి మిగిలేది 8,500. ఊహించుకోకుండా ట్రక్ స్టాపులో కాటా వేయించండి. బరువైనది ముందు, తేలికది వెనుక.

ఇక్కడే చాలామంది మరిచిపోయే లెక్క ఒకటుంది. పడవ ట్రైలరు క్యాంపరు తోక మీద 250 పౌండ్లు మోపిందనుకోండి. ఆ తోక ఇరుసుకు 10 అడుగులు వెనుక, పికప్‌కు తగిలే చోటు ఇరుసుకు 18 అడుగులు ముందు ఉంటే, పికప్ మీద పడే బరువు సుమారు 139 పౌండ్లు తగ్గిపోతుంది. క్యాంపరు ఇరుసుల మీద 389 పౌండ్లు పెరుగుతుంది. బండి తోక మీద మనిషి కూర్చున్నట్టే! అందుకే క్యాంపరు వెనుక హిచ్ పెట్టడానికి దాని తయారీదారు అనుమతి ఉందో లేదో చూడాలి. ఉత్త బంపరుకి తగిలించడం ప్రమాదం.

బ్రేకులు, గొలుసులు: ప్రతి జాయింటు దగ్గరా రెండు గొలుసులు ఇంటూ గుర్తులా అడ్డంగా వేయాలి. హిచ్ ఊడినా ట్రైలరు ముక్కు నేలకు తగలకుండా అవి పట్టుకుంటాయి. ట్రైలరు తెగిపోతే దాని బ్రేకులు వాటంతటవే పడే బ్రేక్‌అవే తీగ రెండింటికీ ఉండేట్టు చూసుకోండి. రెండో దాని తీగ మొదటి ట్రైలరుకి కట్టాలి. బయలుదేరే ముందు చివరి ట్రైలరు లైట్లు వెలుగుతున్నాయో లేదో ఇంకొకరి చేత చూపించండి.

రోడ్డు మీద: స్టీరింగు చటుక్కున తిప్పితే ఆ ఊపు వెనక్కి వెళ్ళేకొద్దీ పెరుగుతుంది, చివరి ట్రైలరు అన్నిటికంటే ఎక్కువ ఊగుతుంది. ఊగితే గ్యాసు వదలండి, స్టీరింగు తిన్నగా పట్టుకోండి, ట్రైలరు బ్రేకు మీట ఉంటే చేత్తో మెల్లగా నొక్కండి. బండి బ్రేకు గట్టిగా తొక్కవద్దు, వేగం పెంచవద్దు. ట్రైలరు టైర్లు చాలావాటికి 65 మైళ్ళే హద్దు. రెండు ట్రైలర్లతో రివర్సు దాదాపు అసాధ్యం కాబట్టి నేరుగా బయటికి పోగల గ్యాస్ స్టేషన్లే ఎంచుకోండి. ఈదురుగాలి ఉంటే ఆగండి. మాకినా వంతెన మీద గాలి ఎక్కువైనప్పుడు ఎత్తయిన వాహనాలను ఎస్కార్టుతో దాటిస్తారు.

ఇంతకీ మా మిత్రుడి సంగతి. క్యాంపరు మాన్యువల్ తెరిస్తే, వెనుక ఏదీ తగిలించకూడదని స్పష్టంగా రాసి ఉంది. పడవని నా బండికి తగిలించుకుని ఆయన వెనకాలే వెళ్ళాను. గ్యాసు ఖర్చు కొంత పెరిగింది. పాప ఈసారీ దారంతా నిద్రపోయింది, మాకూ గుండె అదరలేదు.

శుభయాత్ర!