మనవాళ్ళేనా?



పోయిన డిసెంబరులో మా మనవరాలి పదమూడో పుట్టినరోజుకి ఆరుగురు ఆడపిల్లలు ఒక రాత్రి మా ఇంట్లో పడుకున్నారు. పడుకున్నారనడం మాటవరసకే లెండి, తెల్లవారుజామున మూడింటిదాకా ఒక్కరికీ కన్ను మూతపడలేదు. దీన్ని ఇక్కడ స్లీపోవర్ అంటారని మీకు నేను చెప్పక్కర్లేదు. అమెరికాలో పిల్లల్ని పెంచిన తెలుగు ఇళ్ళల్లో ఈ మాట మీద ఒక్కసారైనా గొడవ జరిగే ఉంటుంది. మా ఇంట్లో 1996లో జరిగింది.

అప్పుడు మా అమ్మాయికి పదమూడేళ్ళు. తన క్లాసు అమ్మాయి పిలిచిందని, శుక్రవారం రాత్రి వాళ్ళింట్లో ఉండి శనివారం పొద్దున్న వస్తానని అడిగింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "వాళ్ళు మనవాళ్ళేనా?" అని. "మనవాళ్ళంటే ఎవరమ్మా?" అంది. నేను జవాబు చెప్పలేదు. పరాయి ఇళ్ళల్లో రాత్రిపూట పడుకోవడం మన అలవాటు కాదని కొట్టిపారేశాను. ఆ పూట అది అన్నం తినలేదు.

మన అలవాటు కాదన్న మాట నిజం కాదు. నా చిన్నప్పుడు తూర్పు గోదావరిలో ఎండాకాలం సెలవులన్నీ మేనమామల ఇళ్ళల్లోనే గడిచేవి. డాబా మీద నీళ్ళు చల్లి, వరసగా పక్కలు పరిచి, పదిమంది పిల్లలం అర్ధరాత్రిదాకా కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఆశ్వయుజంలో అట్లతద్దె వస్తే చీకటితోనే లేచి, గోంగూర పచ్చడితో పెరుగన్నం తిని, తెల్లారేదాకా వీధిలో ఆడి ఉయ్యాలలూగేవాళ్ళం. శివరాత్రి జాగారం సరేసరి. అంటే ఆడపిల్లలు గుంపుగా రాత్రి మేలుకోవడం మనకి కొత్తేమీ కాదు. కాకపోతే ఎవరింట్లో పడుకున్నా ఆ ఇల్లు చుట్టాలదే. చుట్టాలంటే మన కులం వాళ్ళే. ఈ సంగతి ఎవరూ పైకి అనేవారు కాదు, అనాల్సిన అవసరమూ ఉండేది కాదు.

మరి అమెరికా వాళ్ళు పరాయి ఇంటికి పిల్లల్ని అంత ధీమాగా ఎలా పంపగలిగారు? ఆ రాత్రి కోసం ఏర్పాట్లు చేస్తూ ఈ సంగతి కొంత చదివాను.

స్లంబర్ పార్టీ అనే మాట రెండో ప్రపంచ యుద్ధానికి ముందే ఉంది. అది ఇంటింటి వేడుక అయింది మాత్రం యుద్ధం తరవాతే. సైనికులు తిరిగి వచ్చారు, ఇళ్ళకి ప్రభుత్వ పూచీతో అప్పులు దొరికాయి, ఊళ్ళ శివార్లలో కొత్త కాలనీలు లేచాయి. వాటిలో అందరికీ తెలిసినది న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో 1947లో మొదలైన లెవిట్‌టౌన్. 1951 నాటికి అక్కడ 17,000కి పైగా ఇళ్ళు కట్టారు. మొదట కట్టినవి ఒక్కొక్కటీ సుమారు 750 చదరపు అడుగులు, రెండు పడకగదులు. చిన్న ఇళ్ళే, కానీ ఒక ఇంటికొక కుటుంబం. 1946 నుంచి పుట్టిన పిల్లలు పెద్దవాళ్ళయ్యేసరికి ఇళ్ళు కూడా పెరిగాయి. పిల్లలకి విడిగా గది, కింద బేస్‌మెంటు, అందులో టీవీ వచ్చాయి. 1965 నాటికి బార్బీ బొమ్మకి స్లంబర్ పార్టీ పేరుతో పైజమాల జత అమ్మారు. దాంతో పాటు 110 పౌన్ల దగ్గర ముల్లు ఆగిపోయిన తూకం మిషను, బరువు తగ్గడం మీద ఒక చిట్టి పుస్తకం. ఆడపిల్లల వేడుకలోకి కూడా తూకం వచ్చి కూర్చుంది చూడండి!

ఇదే కథలో ఇంకో ముక్క ఉంది. లెవిట్‌టౌన్ మొదటి ఒప్పందాల్లో తెల్లజాతి వాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ ఇళ్ళల్లో ఉండకూడదని రాసుంది. పనిమనుషులకి మాత్రం మినహాయింపు. ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని 1948లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినా, కంపెనీ నల్లవారికి ఇళ్ళు అమ్మలేదు. 1957లో పెన్సిల్వేనియాలోని లెవిట్‌టౌన్‌లో మొదటి నల్లజాతి కుటుంబం, మైయర్స్ దంపతులు, వేరే వాళ్ళ దగ్గర ఇల్లు కొనుక్కుని చేరితే వందలమంది పోగై రాళ్ళు విసిరారు. ఇళ్ళ అమ్మకంలో జాతి వివక్షని నిషేధించే చట్టం 1968లో గానీ రాలేదు. అంటే ఆ తల్లుల ధీమాకి ఒక కారణం, వీధంతా "మనవాళ్ళే" కావడం. మా ఊరికీ ఆ ఊరికీ పెద్ద తేడా ఏముంది?

మనకి ఈ దేశం తలుపు తెరిచిన వలస చట్టం మీద ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టింది కూడా 1965లోనే. నల్లవారి పౌరహక్కుల పోరాటం పుణ్యమా అని మారిన అమెరికాలోకి మనం వచ్చాం. ఇది ఎందుకు చెబుతున్నానంటే, 1996లో మా అమ్మాయిని పిలిచిన స్నేహితురాలిది నల్లజాతి కుటుంబం. నేను ఒప్పుకోనిది రాత్రిపూట పరాయి ఇల్లని కాదు. మరుసటి నెలే, ఒక్కసారి మాత్రమే కలిసిన ఒక తెలుగువారింటికి దాన్ని రాత్రికి పంపించాను.

ఇప్పుడు విచిత్రం ఏమిటంటే, ఆనాడు ఏడ్చిన అమ్మాయే తన కూతుర్ని ఎక్కడికీ పంపనంటుంది. ఫోనులో ఎవరు ఏ ఫొటో తీస్తారోనని, ఆ ఇంట్లో తుపాకి ఉందేమోనని దాని భయం. పైజమాలు వేసుకుని వెళ్ళి, పదింటికల్లా ఇంటికి వచ్చేసే పార్టీలు కూడా ఇప్పుడు చేస్తున్నారు. "సరే, అయితే మా ఇంట్లో పెట్టండి, పూచీ నాది" అన్నాను.

పార్టీకి మూడు రోజుల ముందు ఒక పిల్ల తల్లి ఫోను చేసింది. ఇంట్లో తుపాకులున్నాయా, రాత్రి పెద్దవాళ్ళెవరెవరు ఉంటారు, పల్లీలు పడని పిల్లకి ఏం పెడతారు అని అడిగింది. మొదట నాకు కోపం వచ్చింది. తరవాత ఆలోచిస్తే, ఆవిడ నా పేరు, రంగు, దేశం ఏదీ అడగలేదు. అడగాల్సినవే అడిగింది. ఆ రోజు నేను ఆ తల్లికి ఫోను చేసి ఈ మూడు ప్రశ్నలూ అడిగి ఉంటే సరిపోయేది.

పదకొండింటికి ఫోనులన్నీ ఒక బుట్టలో వేయించాం. పొద్దున్న అట్లు పోశాను, పల్లీ చట్నీ మాని కొబ్బరి చట్నీ చేశాను. రాత్రి బేస్‌మెంటులోంచి నవ్వులు వినబడుతుంటే మెట్ల మీద కూర్చుని, "ఆ రోజు నేను చెప్పిన కారణం అబద్ధమే" అని మా అమ్మాయితో అన్నాను.

"అప్పుడే తెలుసమ్మా" అంది. "దానికి కూడా తెలుసు. మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు."

మీ పిల్లలు అడిగినప్పుడు పంపాలో వద్దో మీ ఇష్టం. వద్దనడానికి మంచి కారణాలు చాలా ఉండొచ్చు. పిల్లలకి చెప్పే కారణం మాత్రం అసలు కారణమేనా అని ఒక్కసారి చూసుకోండి.