మడమ కింద మోగిన పలక

గ్రేట్ అండమానీయులు అనే ఉమ్మడి పేరున్న పది తెగల సంగీతానికి వాద్యం ఒక్కటే, దాన్నీ కాలితోనే మోగించేవారు. దక్షిణ అండమాన్‌లోని అక-బియా భాషలో పుకుతా-యెమ్‌ంగ అనే ఈ పలకను వేగిస, ఎర్రచందనాల జాతికే చెందిన పడౌక్ మాను నుంచి డాలు ఆకారంలో తొలిచేవారు. బోలు వైపు నేలకు బోర్లించి పాటగాడు మడమతో తాటిస్తుంటే నర్తకులు ఆ దరువుకే అడుగు వేసేవారు. వరుసగా కాళ్లు చాపి కూర్చున్న స్త్రీలు తొడల నడిమి పల్లంలో అరచేత్తో చరుస్తూ వంత పాడేవారు.

పాట కట్టడం ఏ ఒక్కరి సొత్తూ కాదు. 1906-08 మధ్య ఇక్కడ పరిశోధించిన మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ వివరించిన ప్రకారం, పడవ తొలుస్తూనో విల్లు చెక్కుతూనో మనిషి తన పాటను తనలో తాను పాడుకొని, కుదిరిందనుకున్నాక స్త్రీలకు నేర్పి, తర్వాతి నాట్యంలో వినిపించేవాడు. అంతకు ముందే ఇ.హెచ్. మాన్ అనే అధికారి మరో విశేషం గుర్తించాడు: లయ కోసం మాటలను ఎంతగా విరిచేవారంటే, వాటిని వాడుక మాటలతో పోల్చుకోవడమే కష్టమయ్యేది. గణాలు తప్పకుండానే అర్థాన్నీ నిలుపుకోవాలని తంటాలుపడే తెలుగు పద్యకవికి ఈ స్వేచ్ఛ వింతగా తోచవచ్చు.

మాటను మోతలో కరిగించే ఈ పద్ధతికి దూరపు పోలిక జపాన్‌లో ఉంది. 1967లో క్యోటోలో తకాషి మిజుతానీ ఆరంభించిన లే రాలీజ్ దెన్యూదే బృందం, ఒకే బేస్ వరసను ఎడతెగకుండా తిప్పుతూ, దాని మీద ఫీడ్‌బ్యాక్‌ను, అంటే స్పీకరు శబ్దం తిరిగి గిటారునే చేరి పెరిగే ఊళను, గాత్రం మునిగిపోయేంతగా పరిచేది. ‘77 లైవ్’ సహా ఆ బృందం ఆల్బమ్‌లు మూడు 1991లో గాని వెలువడలేదు; అయితే ఆ మరుగు చాలావరకు వారు కోరుకున్నదే.

అండమానీయుల పాట మరుగున పడిన తీరు వేరు. 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలస ఏర్పడ్డాక సిఫిలిస్, 1877 నాటి తట్టు వంటి రోగాలు తెగలను తుడిచిపెట్టాయి. 1901 జనగణనలో 625 మంది, 1931లో 90 మంది మిగిలారు. ఆ క్షయం కళ్లముందు సాగుతుండగానే, తెగల బాధ్యత చూసిన అధికారి ఎం.వి. పోర్ట్‌మన్ 1888లో వారి సంగీతంపై వ్యాసం ప్రచురించాడు. 2005 తర్వాత భాషావేత్త అన్వితా అబ్బీ, ఈ తెగల భాషల్లో ఒకటైన బో భాష చివరి వక్త బోవా సీనియర్ మాటలను, పాటలను రికార్డు చేశారు. 2010 జనవరి 26న మరణించిన ఆ వృద్ధురాలు ఆ పాటలు పాడేనాటికి, వాటి మాట తెలిసి వంత కలపగలవారు ద్వీపాల్లో ఒక్కరూ లేరు.