పరదేశ కళావస్తు సంగ్రహము



గ్రహించుట యను క్రియకు మన భాషలో రెండర్థములు కలవు. చేతితో పుచ్చుకొనుట యొకటి. మనస్సుతో తెలిసికొనుట రెండవది. సంగ్రహ శబ్దము పుట్టినదియు ఆ ధాతువునుండియే. నలుబదియేండ్లకు మించి పాఠశాలలో భాష బోధించినవాడను గనుక, పురావస్తు సంగ్రహమును గూర్చి ప్రసంగింప బూనినపుడు నాకు మొదట తోచినది ఈ రెండర్థముల సంగతియే. వస్తువును పుచ్చుకొనువారు లోకమున పెక్కండ్రు. దానిని తెలిసికొనువారు కొందరు. తెలిసికొని, తమ తరువాత పదిమందికి దక్కునట్లు నిలుపువారు మిక్కిలి యరుదు. ఐరోపా, అమెరికా దేశముల పూర్వవస్తువులు మన తెలుగునేలకు వచ్చి చేరిన వృత్తాంతము ఈ మూడు తరగతులవారిని మనకు చూపగలదు.

మా నరసన్నపేటకు సముద్రము దూరము కాదు. వంశధార సాగరమున గలియుచోట కళింగపట్నపు రేవుండెను. దక్షిణముగా పోయినచో భీమునిపట్నము. అచ్చట డచ్చివారు వర్తకస్థానము నెలకొల్పుకొనిరి. వారి శ్మశానవాటికలో పదునేడవ శతాబ్దమునాటి సమాధి ఫలకములు నేటికిని కానవచ్చును. 1825లో ఆ స్థానము ఆంగ్లేయుల వశమైనది. ఇట్టి రేవులలో దిగిన సీమ సరకులు బేరమునకు వచ్చినవే గాని, వాటిని కళాదృష్టితో కూర్చిన వారు లేరు. మనవారు వారి వస్తువులను కూర్చుటకు చాల ముందే, వారు మన వస్తువులను కూర్చుకొనిరి. 1845లో వాల్టర్ ఇలియట్ దొర అమరావతి స్తూపమును త్రవ్వించి శిల్పఫలకములను వెలికి దీయించెను. అవి 1859లో లండనుకు పోయినవి. నేడు బ్రిటిష్ మ్యూజియమున నున్నవి.

ఈ ప్రవాహమునకు ఎదురీదిన కుటుంబ మొకటి హైదరాబాదులో వెలసినది. సాలార్జంగు వంశీయులు నిజాము ప్రభువులకు దివానులు. మొదటి సాలార్జంగు 1853 మొదలు 1883లో మరణించువరకు ముప్పదియేండ్లు ఆ పదవి నలంకరించెను. ఆయన 1876లో ఐరోపాకు పోవుచు రోమునగరమున బెంజోనీ యను శిల్పి చెక్కిన పాలరాతి ప్రతిమను కొనెను. రెబెకా యను పెండ్లికూతురు మేలిముసుగు వేసికొని నిలిచిన రూపమది. ముసుగు రాయియే, ముఖమును రాయియే. అయినను సన్నని వస్త్రము చాటున ముఖము కనబడుచున్నట్లే తోచును. శిల్పి దీనినే పలుమారులు చెక్కెను. అట్టి ప్రతులు అమెరికాలో అట్లాంటా, పిట్స్‌ఫీల్డు నగరముల మ్యూజియములలోను కలవు. కనుక దీని గొప్పతనము ఒంటరితనమున లేదు, పనితనమున గలదు.

ఆయన మనుమడు మూడవ సాలార్జంగు, మీర్ యూసుఫ్ అలీ ఖాను, 1889లో జన్మించెను. పసితనముననే తండ్రి గతించెను. 1912లో దివాను పదవి లభించినది. 1914లో దానిని విడిచెను. అప్పటికాయనకు ఇరువదియైదేండ్లు. అటుపిమ్మట మూడుపదుల యేండ్లకు పైగా ఆయన జాగీరు రాబడి కళావస్తువులకే ప్రవహించినది. వర్తకులు ఆయన దేవిడీకి వస్తువులు తెచ్చి చూపుచుండిరి. పరదేశములనుండియు సరకు వచ్చుచుండెను. ఫ్రెంచి పింగాణి, వెనిసు గాజు, ఆంగ్లేయ గడియారములు, చిత్రపటములు, దంతపు పనులు, వీనితో పారసీక, అరబ్బీ వ్రాతప్రతులు గదులు నిండినవి.

ఈ సంగ్రహమున గల ఐరోపా వస్తువులన్నియు ఉత్తమోత్తమములని నేను చెప్పను. కనలెట్టో వంటి ప్రసిద్ధుల చిత్రములు కొన్ని యుండగా, పూర్వ చిత్రకారుల పటములకు నకళ్లును, పందొమ్మిదవ శతాబ్దపు అలంకారవస్తువులును పెక్కు కలవు. కొనువాని కన్ను ఒక్కొక్కప్పుడు వింతకు లొంగును. జనము మూగి చూచునది గొప్ప చిత్రమును గాదు, గడియారమును. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ పేరుగల ఆ గడియారములో గంట కాబోవుచుండగా చిన్న మనుష్యుడు తలుపు తీసికొని వచ్చి, గంట మ్రోగించి, మరల లోనికి పోవును. పండితులు దీనికి పెదవి విరువవచ్చును. కాని దానిని చూడ వచ్చిన రైతుబిడ్డ తిరిగిపోవుచు ముసుగు రెబెకాను గూడ చూచి పోవును గదా!

అసలు పరీక్ష 1949లో వచ్చినది. ఆ యేడు మార్చి 2వ తేదీన మూడవ సాలార్జంగు మరణించెను. వివాహము లేదు, సంతానము లేదు. ఇట్టి ఘట్టమున ఎన్ని గొప్ప సంగ్రహములు చెదరిపోయినవో చరిత్ర చెప్పుచున్నది. ఇంగ్లండులో హోరేస్ వాల్పోల్ స్ట్రాబెర్రీ హిల్ భవనమున కూర్చిన పుస్తకములు, చిత్రములు, వింతవస్తువులు 1842లో వారముల తరబడి వేలమున పోయినవి. ఇరువదవ శతాబ్దమున అమెరికావాడు లూయిస్ అను నాయన తన జీవితమంతయు వెచ్చించి, అందు దొరకినంత మరల ఏరి కూర్చి, యేల్ విశ్వవిద్యాలయమునకు వదలెను. చెదరగొట్టుటకు వారములు చాలినవి. ఏరుటకు ఒక జీవితము చాలలేదు. దీనికి భిన్నముగా లండనులోని వాలెస్ సంగ్రహము 1897లో ఆ ఇంటి యిల్లాలి మరణశాసనము చేత జాతికి సంక్రమించి, 1900లో ప్రజలకు తెరువబడినది.

హైదరాబాదు సంగ్రహము ఈ రెండవ త్రోవనే పట్టినది. ప్రభుత్వము ఎస్టేటు కమిటీని నియమించెను. అప్పటి పాలకుడు వెల్లోడి మ్యూజియము కావలెనని తలచెను. జేమ్స్ కజిన్స్ పండితుడు వస్తువులను వరుసపరచెను. 1951 డిసెంబరు 16న జవహర్లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలో దానిని తెరచెను. హక్కుదారులు న్యాయస్థానము నెదుట రాజీపడి, 1958లో సంగ్రహమునంతను భారత ప్రభుత్వమునకు సమర్పించిరి. 1961లో పార్లమెంటు చట్టము చేసెను. 1968లో మూసీనది యొడ్డున నూతన భవనమునకు వస్తువులు చేరినవి. ఒకరి కోరికతో కూడినది, పలువురి త్యాగముతో నిలిచినది. వారసులు తమ తమ వాటాలు పంచుకొనియుండినచో నేడు మనము చెప్పుకొనుటకు పేరు మాత్రమే మిగిలెడిది.

ఇది గొప్పవారి కథ, మనకేల యని శ్రోతలు తలంపవలదు. మా ఉత్తరాంధ్రమున పాత లోగిళ్లలో సీమ గోడగడియారములు, పింగాణి పళ్లెరములు, బెల్జియము అద్దములు చూచియుందురు. 1948లో జమీందారీల రద్దు చట్టము వచ్చిన పిమ్మట పెక్కు ఇండ్లలోనివి ఒక్కొక్కటిగా బయటికి నడచినవి. బుడితివారి కంచు, ఇత్తడి పనితనము తాతలనాడు ఇంటికి తెచ్చిన వన్నెను మనవలు పాతసామానువానికి తూకమున అమ్ముటయు చూచుచున్నాము. తూకమునకు వస్తువు తెలియును గాని పని తెలియదు.

తెలిసికొనుటకు పెద్ద చదువు అక్కరలేదు. రెండు ఉదాహరణములు చెప్పెదను. పింగాణి పళ్లెరమును బోర్లించి చూడుడు. అడుగున ఇంగ్లండు అను దేశనామము అచ్చు పడియున్నచో, అది సామాన్యముగా 1891కి ఇటీవలిది. పరదేశపు సరకుపై ఉత్పత్తి దేశము పేరుండవలెనని అమెరికా 1890లో సుంకపు చట్టము చేసినందున ఆంగ్లేయ కుమ్మరులు ఆ ముద్ర వేయసాగిరి. అమెరికా చట్టమొకటి మన వంటింటి పళ్లెరపు వయస్సును చెప్పుట వింత కాదా? ఇక గోడగడియారము. అన్సోనియా అను అమెరికా కంపెనీ గడియారములు మన దేశమున విరివిగా అమ్ముడుపోయెను. 1929లో ఆ కంపెనీ యంత్రసామగ్రిని సోవియట్ రష్యా కొనిపోయినది. కావున నాటి అసలైన గడియారము అంతకు పూర్వపుది. అయితే ఫలకముపై పేరు చూచి మోసపోరాదు. ఆ పేరు పిమ్మట క్రొత్త గడియారములకును పెట్టబడినది. పాత పెట్టెకు క్రొత్త ఫలకము తగిలించువారును కలరు. లోని యంత్రముపై ముద్రను గూడ చూడవలెను.

నేను కోరునది స్వల్పము. మీ యింట నూరేండ్ల వస్తువున్నచో, ఎవరు కొనిరి, ఎచ్చట కొనిరి, ఏ యేట కొనిరి అను మూడు సంగతులను పెద్దలు బ్రదికియుండగనే అడిగి, ఒక కాగితముపై వ్రాసి, దానితో నుంచుడు. మెరుపుకొరకు ప్రాతరంగును గీకవలదు. 1972 నాటి చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన పురావస్తువును ఎవరుబడిన వారు దేశము దాటింపరాదని గుర్తుంచుకొనుడు. అమ్మక తప్పనిచో, తెలిసినవారికి ముందు చూపుడు.

కాగితము లేని వస్తువు ఊరు పేరు చెప్పలేని బాటసారి వంటిది. ఎంత చక్కనివాడైనను ఎవరి బిడ్డయో తెలియదు. చేతితో పుచ్చుకొనుట మన పెద్దలు చేసిరి. తెలిసికొనుట మన వంతు.