పథ్యం

‘కీమో వద్దు, పథ్యం చాలు’ అని క్యాన్సర్ రోగులకు చెప్పేవారు ఆ మాటనే దారి తప్పిస్తున్నారు. సంస్కృతంలో ‘పథం’ దారి. దాన్ని వీడనిది పథ్యం. చరక సంహిత శరీర మార్గాలకు హాని చేయనిదీ, మనసుకు నచ్చేదీ పథ్యమంది. కరక్కాయకూ ‘పథ్య’ అనే పేరుంది. తెలుగులో పథ్యం పత్యమై, బాలింత పత్యం దగ్గరికొచ్చేసరికి నోరు కట్టుకోవడంగా మారింది. ‘నిజం ఆయనకు పథ్యం కాదు’ అన్నప్పుడు మాత్రం ఆ పాత ‘నచ్చడం’ ఇంకా తొంగిచూస్తుంది. పథ్యం పాటిస్తే మందెందుకని లోలింబరాజు తన ఆయుర్వేద గ్రంథం ‘వైద్యజీవనం’లో అన్నాడు కదా అనవచ్చు. పథ్యం లేకుంటే మందెందుకనీ అక్కడే అన్నాడు. అది పథ్యానికి పొగడ్త, మందుకు సెలవు చీటీ కాదు. 2018లో యేల్ పరిశోధకుల అధ్యయనంలో, ఇతర భాగాలకు పాకని క్యాన్సర్‌కు ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకున్నవారికి మరణ ముప్పు, ఆసుపత్రి చికిత్స పొందినవారికన్నా రెండున్నర రెట్లు కనిపించింది. డాక్టర్లు వాటినే నమ్ముకోవద్దనేది మూలికలంటే గిట్టకనా? కాదు, కీమోలో వాడే విన్‌క్రిస్టిన్ బిళ్లగన్నేరులోదే. కాకపోతే దాన్ని వేరుచేసి, శుద్ధి చేసి, మోతాదు తేల్చి ఇస్తారు. చికిత్స సాగుతుండగా అలసటకు యోగా నిజంగానే పనికొస్తుంది. కషాయాలూ, పసుపు మాత్రలూ మాత్రం కీమో మందులతో పేచీ పెట్టుకోవచ్చు. ఏది వాడుతున్నా ముందు క్యాన్సర్ డాక్టరుకు చెప్పండి.